పాలగదిలో తారాజువ్వలు

డ్రమ్‌గారన్, కౌంటీ మొనహన్
అక్టోబరు 6

ఎట్రాక్టా అక్కా,

మోకాలు ఎలా ఉంది? కుట్లు విప్పారా? ఆరు వారాలు కారు ముట్టుకోవద్దని డాక్టరు నీకు చెప్పాడని తెలిసి మా ఊరి కోళ్లు కూడా ఊపిరి పీల్చుకున్నాయి. నీకు ఫోన్‌లో మాట వినపడదు, నాకు కారు నడపడం రాదు. మన రెండిళ్ల మధ్య ఉన్నది నాలుగు మైళ్లే అయినా, నేను ఐర్లండ్‌లో, నువ్వు బ్రిటన్ కిందున్న ఉత్తర ఐర్లండ్‌లో, మధ్యలో దేశం మారుతుంది కాబట్టి ఈ ఉత్తరం డబ్లిన్ చుట్టి, బెల్‌ఫాస్ట్ చుట్టి నీ దగ్గరికి వస్తుంది. అందేసరికి నువ్వు లేచి గెంతుతూ ఉంటావేమో.

ఇక్కడ అంతా కులాసా. ఫెలిమ్ ట్రెయినింగ్ కాలేజీలో ఆఖరి పరీక్షలు రాస్తున్నాడు. నవంబరు పద్నాలుగున పరేడ్. ఆ రోజుతో వాడు పోలీసు, మనవాళ్ల మాటలో గార్డు. నాన్న ఈ సరిహద్దు మీదుగా వెన్న దాటించి మనల్ని పెంచాడు. అదే ఇంట్లోంచి ఒక గార్డు బయలుదేరుతున్నాడంటే నాకే నమ్మకం కుదరడం లేదు. మా ఆయన ఓవెన్ బతికి ఉంటే కొడుకును చూసి ఎంత మురిసిపోయేవాడో.

ఒక సంగతి ఊరికే అడుగుతున్నాను. మీ వైపు బాణసంచా ఎలా అమ్ముతారు? సాయంత్రమైతే చాలు, వంతెన దగ్గర కుర్రాళ్లు ఏదో ఒకటి పేలుస్తున్నారు. హాలోవీన్ ఇంకా రానేలేదు, అప్పుడే మన గాడిద మేత మానేసింది. ఆడవాళ్ల సంఘంలో దీని మీద మాట్లాడాలనుకుంటున్నాం. పెట్టెల మీద F అని రాసి పక్కన అంకె వేస్తారట కదా. రెండు అంటే ఏమిటి, మూడు అంటే ఏమిటి? మా దుకాణాల్లో కాకరపువ్వొత్తులు తప్ప ఇంకేమీ చూడని దాన్ని, నాకేం తెలుస్తుంది. ఎవరింట్లోనైనా మూడు అంకె ఉన్నది దొరికితే వాళ్లనేం చేస్తారు? జరిమానాతో వదిలేస్తారా, జైల్లో పెడతారా? ఉద్యోగానికి ఏమైనా అడ్డం వస్తుందా? ఊరికే అడుగుతున్నాను.

నీ చెల్లెలు
డింప్నా


కిల్లీనూర్, కౌంటీ ఆర్మా
అక్టోబరు 9

డింప్నా,

మోకాలు ఉంది. అది నా మాట వినదు, నేను దాని మాట వినను. కాపురం అలా సాగుతోంది.

నువ్వడిగింది నాకు బాగా తెలిసిన విషయం. ఎందుకు తెలుసని అడగకు. ఈ మధ్య చదివాను.

యూరప్ అంతా కలిసి టపాసులకు తరగతులు పెట్టింది, బడిపిల్లలకు పెట్టినట్టు. ఒకటో తరగతివి నీ కాకరపువ్వొత్తుల్లాంటివి, ఇంట్లో కూడా కాల్చుకోవచ్చు. రెండో తరగతివి పెరట్లోవి. వత్తి ముట్టించి ఎనిమిది మీటర్లు వెనక్కి పోవాలి. మూడో తరగతివి పొలంలోవి. వాటికి ఇరవై ఐదు మీటర్లు. నా ప్రస్తుత నడకతో నేను ఇరవై ఐదు మీటర్లు పోయేలోగా పండుగ అయిపోతుంది. నాలుగో తరగతివి చదువుకున్నవాళ్లకు మాత్రమే. కాల్చడానికి కూడా సర్టిఫికెట్ కావాలి.

తరగతులు అందరికీ ఒకటే, చట్టాలు మాత్రం ఏ దేశానివి ఆ దేశానివే. మా వైపు ఒకటో తరగతి ఎవరైనా కొనుక్కోవచ్చు. రెండూ మూడూ కావాలంటే ముందు ప్రభుత్వానికి రాసుకోవాలి. ఏ రోజు, ఏ స్థలంలో, ఎవరు కాలుస్తారు అని అన్నీ చెప్తే లైసెన్సు పంపుతారు. అది చూపిస్తేనే దుకాణం వాడు పెట్టె ఇస్తాడు. మీ వైపు ఆ గొడవే లేదు. మామూలు మనిషికి ఒకటో తరగతితో చదువు ఆఖరు. పైవి తెప్పించుకోవడం, దాచుకోవడం, కాల్చడం అన్నీ నేరమే, బతుకుతెరువుగా చేసే కంపెనీల వాళ్లకు తప్ప. జరిమానా ఉంది, జైలూ ఉంది. కాబట్టి మీ వంతెన దగ్గరి కుర్రాళ్లు పేల్చేదంతా మా వైపు నుంచి వచ్చిందే. కాగితం లేకుండా ఎవడో సంచుల్లో వేసి అమ్ముతున్నాడు. నాకు అలాంటివాళ్లంటే గిట్టదు. నేనైతే కాగితం లేకుండా అగ్గిపుల్ల కూడా గీయను, నీకు తెలుసు కదా.

ఫెలిమ్ హాలోవీన్ సెలవులకు ఇంటికి వస్తాడు కదా? తప్పకుండా రమ్మను. వేరే ఏ కార్యక్రమమూ పెట్టుకోవద్దను.

ఇంకో మాట. మీ పాత పాలగదిలోకి వెళ్లకు. దూలం కుళ్లిపోయింది. సెప్టెంబరులో గుడ్లకోసం వచ్చినప్పుడు చూశాను.

అక్క


డ్రమ్‌గారన్
అక్టోబరు 13

అక్కా,

దూలం బాగానే ఉంది. నేను పాలగదిలోకి వెళ్లాను. నీకు మొదటి ఉత్తరం రాయకముందే వెళ్లాను. నీకు అబద్ధం చెప్పాను. ఆడవాళ్ల సంఘమూ లేదు, చర్చా లేదు.

ఎర్రకోడి కొత్తచోట గుడ్లు పెడుతోందని వెతుక్కుంటూ పోయాను. పాత పాలక్యాన్ల వెనక, బంగాళాదుంపల గోనెసంచుల కింద ఒక పెద్ద అట్టపెట్టె ఉంది. తెరిస్తే తారాజువ్వల కట్ట, చిచ్చుబుడ్లు, ఒక్క వత్తితో వరసగా పేలే పెట్టెలు నాలుగు. కొన్నిటి మీద F2, కొన్నిటి మీద F3. నువ్వు రాసిన తరగతులన్నీ చదివాక, ఈ ఇంట్లో ఎవరూ చదవకూడని తరగతి నా పాలగదిలో కూర్చుని ఉందని అర్థమైంది.

ఆగస్టు చివర్లో ఫెలిమ్ కాలేజీ స్నేహితుల్ని ముగ్గుర్ని తీసుకొచ్చాడు. రెండు రోజులూ పెరట్లో ఒకటే నవ్వులు. పరేడ్ అయ్యాక సంబరాలు చేసుకోవాలని అనుకుంటుంటే నా చెవిన పడింది. ఇంకెవరు పెడతారు చెప్పు? ఈ పెరట్లోకి వచ్చేవాళ్లెవరు? నేను, నువ్వు, రొట్టెల బండి బార్నీ. బార్నీ పెట్టి ఉంటే ఈపాటికి ఆరు ఊళ్లకు తెలిసేది.

నా బుర్ర పనిచేయడం లేదు. కాల్చడానికి లేదు. ఉంచుకోవడానికి లేదు. మీ వైపు పంపుదామంటే అదీ దాటించడమే అవుతుంది. స్టేషనుకు తీసుకెళ్లి ఇద్దామంటే వాళ్లు అడిగే మొదటి ప్రశ్న "ఇంట్లో ఇంకెవరుంటారమ్మా?" అని. నీళ్ల తొట్టిలో ముంచుదామనుకున్నాను, తడిసిన మందు నయమో ఇంకా చెడ్డదో తెలియలేదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. దొరికితే వాడిని పరేడ్ దాకా రానిస్తారా? కంచే చేను మేసిందని పేపర్లో వేయరూ?

నా బిడ్డ అలాంటివాడు కాదని రోజూ అనుకుంటాను. మళ్లీ రోజూ వెళ్లి పెట్టె అక్కడే ఉందో లేదో చూసి వస్తాను.

నీకు తప్ప ఎవరికీ చెప్పలేదు. చదివి కాల్చెయ్యి. (ఉత్తరాన్ని.)

డింప్నా


కిల్లీనూర్
అక్టోబరు 16

డింప్నా,

ఆ పెట్టె నాది.

ఫెలిమ్‌కి దీనితో ఏ సంబంధమూ లేదు. ముందు ఆ మాట మూడుసార్లు చదువుకుని, తర్వాత మిగతాది చదువు.

వాడు గార్డు అవుతున్నాడని నువ్వు చెప్పిన రోజు నుంచి నాకు ఒకటే ఆశ. నాకు పిల్లలు లేరు. వాడొక్కడే. హాలోవీన్ సెలవుల్లో వాడు ఇంటికొచ్చినప్పుడు వాగు అవతలి మన మెట్టపొలంలో నుంచి ఆకాశమంతా వెలిగించాలనుకున్నాను. ఆ పొలం ఆర్మాలోకి వస్తుంది, సరిహద్దు గీత వాగు మధ్యలో పోతుంది అని నాన్న చెప్పేవాడు గుర్తుందా? కాబట్టి ఆగస్టులోనే లైసెన్సుకు రాశాను. స్థలం: మెట్టపొలం. తేదీ: అక్టోబరు 31. కాల్చేది: నేను. వాళ్లు ఒక్క ప్రశ్న కూడా వేయకుండా పంపారు. దుకాణంలో చూపించి కొన్నాను. ప్రతి పనీ పద్ధతి ప్రకారం చేశాను.

మోకాలు ఆపరేషను తర్వాత అంత పెట్టె మోయలేనని ముందే తెచ్చి పెట్టాను. మెట్టపొలంలో చూరు ఉన్న చోటు లేదు. పొలానికి గేటు ఉన్నది మీ పెరట్లోంచే. అందుకని దగ్గర్లో పొడిగా ఉన్న చోటని పాలగదిలో పెట్టాను. నువ్వు ఆవుల్ని అమ్మేశాక అటు పోవు అనుకున్నాను. కోడి సంగతి నేనేం కలగన్నానా.

నీ ఉత్తరం వచ్చేదాకా నాకు తట్టనే లేదు, మీ పెరడు వేరే దేశమని. తరగతులన్నీ నీకు పాఠంలా చెప్పి, మీ వైపు నేరమని నా చేత్తో రాసి, తపాలా డబ్బాలో వేసి వచ్చాను. అప్పుడు కూడా తట్టలేదు. చిన్నప్పటినుంచి ఆ పెరట్లోంచి ఆ పొలానికి నడిచాను. ఒక్కసారి కూడా దేశం దాటుతున్నానని అనిపించలేదు. నాన్నకు ఆ గీత అడుగడుగునా తెలుసు, దాటితేనే ఆయనకు పైసలు. నేను జన్మలో ఏదీ దాటించలేదు కాబట్టి అది ఎక్కడుందో ఎప్పుడూ చూడలేదు.

పెట్టెను ముట్టుకోకు. ఫెలిమ్‌తో ఒక్క మాట కూడా అనకు. ఏం చేయాలో ఆలోచించి రాస్తాను. నన్ను తిట్టుకో, ఫరవాలేదు. వాడిని మాత్రం ఏమీ అనకు.

అక్క


డ్రమ్‌గారన్
శనివారం పొద్దున, అక్టోబరు 18

అక్కా,

నీ దగ్గర్నుంచి జవాబు ఇంకా రాలేదు. తపాలాను నమ్మలేక దీన్ని బార్నీ చేతికి ఇస్తున్నాను. బండి నిండా రొట్టెలు, నోటి నిండా కబుర్లు, అయినా వేరే దారి లేదు. కవరుకు నాలుగు వైపులా టేపు వేశాను.

నిన్న సాయంత్రం ఫెలిమ్ ఉన్నట్టుండి వచ్చాడు. నాకు మనసులోది ముఖంలో దాచుకోవడం చేతకాదని నీకు తెలుసు. టీ తాగనిచ్చి అడిగేశాను.

"పాలగదిలో ఏముందిరా?"

"ఏముంటుంది? తుప్పు డబ్బాలు."

"రా, చూద్దువుగాని."

తీసుకెళ్లి గోనెలు లాగాను. వాడు పెట్టె వంక చూశాడు. నా వంక చూశాడు. మళ్లీ పెట్టె వంక చూశాడు.

"ఇది ఎవరిదిరా?" అన్నాను.

"నాదేనమ్మా."

"నీదా? ఎందుకు తెచ్చావు?"

"వదిలెయ్యమ్మా. తెచ్చాను, అంతే. నువ్వు దీన్ని చూళ్లేదు, ముట్టుకోలేదు. ఎవరడిగినా అదే చెప్పు. ఇంకోమాట చెప్పకు."

"మరి ఏం చేస్తావు?"

"సోమవారం పొద్దున కాలేజీలో మా ఆఫీసర్‌తో నేనే చెప్పేస్తాను. దాచిపెట్టి గార్డునయ్యాననుకో, రేపు ఇంకొకడి ఇంట్లో ఇలాంటి పెట్టె దొరికితే వాడినేమని అడగను?"

అది విని నేనన్న మాట నీకు చెప్పాలంటే కూడా సిగ్గుగా ఉంది. "మీ నాన్న అదృష్టవంతుడు, ఇది చూడకుండా పోయాడు" అన్నాను. వాడు వంగి గోనెలు మళ్లీ పెట్టె మీద కప్పాడు. నేను లోపలికొచ్చి తలుపేసుకున్నాను.

చెప్తే ఇంటికి పంపేస్తారు. చెప్పకపోతే వాడన్నట్టే, ఇంకొకడిని నిలదీయడానికి మొహం చెల్లని గార్డవుతాడు. చెప్పమనాలా, వద్దనాలా? నాకు ఏదీ పాలుపోవడం లేదు. రేపు సాయంత్రం బస్సుకు వెళ్లిపోతాడు. నువ్వే ఏదో ఒకటి చెప్పు.

డింప్నా


కిల్లీనూర్
శనివారం రాత్రి

డింప్నా,

బార్నీ గుమ్మంలో నిలబడి ఉండగానే నీ కవరు చించాను. చదివి, ఊతకర్రా లైసెన్సూ తీసుకుని, వాడి బండిలోనే ఎక్కి కూర్చున్నాను. రొట్టెల మధ్య కూర్చుని మీ ఊరి స్టేషనుకు వెళ్లాను. బార్నీ జీవితంలో మొదటిసారి దారంతా నోరెత్తలేదు. ఎందుకో అర్థం చేసుకోవడానికే వాడికి దారి సరిపోయినట్టుంది.

మీ గేటు ముందు నుంచే పోయాం. ఆపమనలేదు. వచ్చేటప్పుడు మోకాలు వాచిపోయి ఇంటికి తప్ప ఎటూ పోలేకపోయాను. అది నిజమే కానీ మొత్తం నిజం కాదు. ఫెలిమ్ ఎదురొస్తే వాడితో ఏం మాట్లాడాలో తెలియలేదు.

స్టేషనులో సార్జెంటు ఒక ఆడమనిషి, పేరు బ్రాఫీ. నా కర్ర చూసి కుర్చీ వేసింది.

"చెప్పండమ్మా, ఏం పోయింది?" అంది.

"ఏమీ పోలేదు. రెండో తరగతి, మూడో తరగతి బాణసంచా మీ దేశంలోకి తెచ్చాను. అది చెప్పిపోదామని వచ్చాను."

ఆమె పెన్ను తీసింది. "మీరెక్కడుంటారు?"

"ఉత్తరాన."

"సరుకు ఎక్కడుంది?"

"ఇక్కడ, మా చెల్లెలి పెరట్లో."

"ఎక్కడ కాలుద్దామని?"

"ఉత్తరాన."

"ఉత్తరాన కొని, ఉత్తరాన కాల్చేదానికి ఇక్కడికెందుకు తెచ్చారమ్మా?"

"పొలం గేటు ఇటు ఉంది కాబట్టి."

ఆమె పెన్ను కింద పెట్టింది. లైసెన్సు ఇస్తే వెనకా ముందూ చదివింది. "కాగితం చక్కగా ఉంది. కాకపోతే మా దేశానిది కాదు," అంది. తర్వాత "ఇంకెవరికి తెలుసు?" అని అడిగింది. ఎవరికీ తెలియదన్నాను. చెల్లెలికి తెలియదు, వాళ్లబ్బాయికి అసలే తెలియదు, మీ కాలేజీలోనే చదువుతున్నాడు, పెట్టె దొరికితే వాళ్లమ్మను కాపాడాలనో ఇంకెందుకో తనదని చెప్పినా చెప్తాడు, నమ్మొద్దు అన్నాను. ఆ మాట ఎందుకన్నానో నాకే తెలియదు. వాడు నీకు అబద్ధం ఎందుకు చెప్పాడో దారంతా ఆలోచించాను, నాకు ఇంకేమీ తోచలేదు.

నా పేరు, ఊరు, వయసు రాసుకుంది. ఫైలు పైకి పోతుందట. మందలించి వదలొచ్చు, జరిమానా వేయొచ్చు, ఆమె చేతుల్లో లేదంది. నాన్న అన్నేళ్లు వెన్న దాటించినా గార్డుల పుస్తకంలో పేరు ఎక్కలేదు. చర్చి లెక్కలు చూసే ఎట్రాక్టా పేరు ఎక్కింది.

పరేడ్‌కి నన్ను పిలవొద్దు. వాళ్ల పెద్దవాళ్ల ముందు వాడికి చిన్నతనంగా ఉంటుంది. వాడికి నా ఆశీస్సులు చెప్పు.

అక్క


డ్రమ్‌గారన్
అక్టోబరు 22

అక్కా,

నీ రెండుత్తరాలూ ఒకే పూట వచ్చాయి. పెట్టె నాది అన్నది తపాలాలో సోమవారం, స్టేషను సంగతి బార్నీ చేత కూడా సోమవారమే. అప్పటికి అంతా అయిపోయింది.

శనివారం సాయంత్రం ఇద్దరు గార్డులు వచ్చారు. ఫెలిమ్ తలుపు తీసి, వాళ్లు నోరు తెరవకముందే "పెట్టె పాలగదిలో ఉంది, నాది" అన్నాడు. వాళ్లలో పెద్దాయన, "కాదులే బాబూ. మీ పెద్దమ్మ స్వయంగా వచ్చి చెప్పి పోయింది. నువ్వు ఇలా అంటావని కూడా చెప్పింది," అన్నాడు. పెట్టెను బండెక్కించుకుని పోయారు. గాడిద కూడా గేటు దాకా సాగనంపింది.

వాళ్లు పోయాక వంటింట్లో ఎదురెదురుగా కూర్చున్నాం.

"అయితే అది నీది కాదా అమ్మా?" అన్నాడు.

"నాదేమిట్రా?"

"నా పరేడ్ కోసం నువ్వే ఎవరిచేతో తెప్పించి, తీరా నేరమని తెలిసి భయపడి, ఏమీ ఎరగనట్టు నన్ను అడుగుతున్నావనుకున్నాను. నాన్న పోయినప్పటినుంచి నువ్వు దేనికీ సరదాపడలేదు కదా. పోనీలే, ఇన్నాళ్లకు మా అమ్మకి ఒక సరదా పుట్టింది, దానికోసం కోర్టులో నిలబెట్టడమా అనుకున్నాను."

ఆ తర్వాత వాడు నవ్వాడు. నేను నవ్వలేకపోయాను.

ఆదివారం కాలేజీకి పోగానే వాడే వెళ్లి వాళ్ల ఆఫీసర్‌కి మొత్తం చెప్పాడు. తనది కానిదాన్ని తనదన్న సంగతి కూడా దాచలేదు. ఆయన విని, గార్డులకు అబద్ధం చెప్పడమేమిటని బాగా చీవాట్లు పెట్టాడట. తర్వాత సరిహద్దు గీత పెరట్లో ఎటునుంచి పోతుందో బొమ్మ గీయించుకుని చూశాడట. చూసి, తనకూ అర్థం కాలేదన్నాడట. నిన్న కబురొచ్చింది. పరేడ్‌లో వాడి పేరు ఉంది.

నీ మీద కోపం ఉందా అంటే ఉంది. రెండు రోజులు ఉండి పోతుంది. పోయేదాకా ఉండనియ్యి.

పోనిది ఇంకొకటుంది. దాన్ని నీకు కాక ఎవరికి చెప్పను? వాడు ఆ పెట్టెను చూసి, నేనే తప్పు చేశాననుకుని, తన ఉద్యోగం పోయినా సరే నన్ను కాపాడాలనుకున్నాడు. అందుకు వాడికి పట్టుమని ఒక నిమిషం పట్టలేదు. నేను అదే పెట్టెను చూసి, వాడే తప్పు చేశాడనుకుని, పది రోజులకు పైగా వాడిని అనుమానిస్తూ ఆ పెట్టెకు కాపలా కాశాను. వాడు నాదే అనగానే నమ్మేశాను. కడుపున పుట్టినవాడిని, నీది కాదేమోరా అని ఒక్కసారి అడగలేదు. పైగా చచ్చిపోయిన వాళ్ల నాన్నను తెచ్చి వాడి మొహాన కొట్టాను. నేను నమ్మానని వాడికి తెలుసు. బస్సు ఎక్కేదాకా ఆ మాట ఎత్తుతాడేమోనని చూశాను. ఎత్తలేదు. ఇంకో ముక్క రొట్టె ఉందా అని అడిగాడు, పెట్టాను, తిన్నాడు.

పరేడ్‌కి రెండు టికెట్లు ఇచ్చారు. రెండోది పెద్దమ్మకి అని వాడే కవరు మీద నీ పేరు రాసి పోయాడు. నీకు సిగ్గయితే టోపీ ముఖం మీదికి లాక్కుని కూర్చో. మోకాలు నొప్పయితే బార్నీ బండిలో రా, నేనూ అందులోనే వస్తాను. వాడు యూనిఫారం వేసుకుని నా ముందు నుంచి నడిచిపోతుంటే చూడాలని ఎంతో ఉంది అక్కా. ఒక్కదాన్నే కూర్చుని చూడటానికి మాత్రం నాకు ముఖం చెల్లడం లేదు.

డింప్నా